పద్నాలుగు పాయింట్ల రక్తం

శనివారం పొద్దుగాల ఎనిమిదింటికి మా తమ్ముడు తేజేష్ గేటు తీసుకొని లోపలికి వచ్చిండంటేనే ఏదో అయ్యిందని తెలిసిపోయింది. ఆ టైముకు వాడు మల్లాపూర్‌ల మిషిను ముందర ఉండాలె. ప్లాస్టిక్ డబ్బాలు పోసే కంపెనీ వాళ్ళది. మూడు నెలల కింద పద్దెనిమిది నిండంగనే చేరిండు. చేరిన వారానికే నా ఇంట్లకెల్లి పోయి, కంపెనీ వెనుక గల్లీల ఇద్దరు పొరగాండ్లతోని రూము తీసుకున్నడు.

నేను పాపకు ఉప్మా తినిపిస్తున్న. రెండేండ్లది, పెట్టింది పెట్టినట్టే ఉమ్ముతున్నది. మా అత్తమ్మ బాలనర్సమ్మ గడప కాడ కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది.

"ఏంది పిలగా, కంపెనీ బందా? అక్క చేసిన ఉప్మా వాసన మల్లాపూర్ దాక వచ్చిందా?" అన్నది.

వాడు నవ్వలె. ఎప్పుడైతే "నీ కోసమే వచ్చిన పెద్దమ్మా" అంటడు. "అక్కా, జర మిద్దె మీదికి రా" అన్నడు నన్ను.

పాపను చంకల ఏసుకొని పైకి పోయిన. నిన్న ఆరేసిన బట్టలు ఇంకా తియ్యలె. వాడు దండెం కింద నిలబడి ఎడమ చెయ్యి మడత కాడ రుద్దుకుంటున్నడు. ఆడ గుండ్రని ప్లాస్టరు ముక్క.

"నిన్న కంపెనీల రక్తం ఇచ్చిన" అన్నడు.

మా తమ్మునికి హెచ్‌ఐవీ ఉన్నది. పుట్టుకతోనే. నాకు లేదు. నేను పుట్టినంక, వాడు పుట్టకముందు, మా ఇంట్లకు వచ్చింది ఆ రోగం. ఎట్ల వచ్చిందో చెప్పాల్సినోళ్ళు ఇద్దరూ ఇప్పుడు లేరు. అమ్మ పోయిననాడు వానికి ఏడేండ్లు, నాకు పద్నాలుగు. తొమ్మిదో తరగతి సగంల ఉంటి. ఆ నెల మందులకు వాన్ని పెద్ద దవాఖానకు తీస్కపోయెటందుకు ఒకరోజు బడి మానిన, మళ్ళ పోనే లేదు. అప్పటి సంది నెలనెల నేనే తీస్కపోయిన, పెండ్లయినంక సుత. మా ఆయన కరుణాకర్‌కు పెండ్లికి ముందే చెప్పిన. ఆయన ఒక్కటే అన్నడు, "మా అమ్మకు చెప్పకు" అని. చెప్పలె.

"ఎందుకిచ్చినవ్ రా? నువ్వు ఇయ్యొద్దని తెల్వదా?" అన్న. గొంతు పైకి పోయింది. కింద అత్తమ్మ ఉన్నదని మళ్ళ తగ్గించుకున్న.

"తెలుసక్కా. నేను ఇయ్యాలని పోలె."

వాడు చెప్పింది ఇది. కంపెనీ ఓనరు వాళ్ళ నాయన వర్ధంతి. గేటు కాడ టెంటు ఏసిన్రు, ఫోటోకు దండ ఏసిన్రు, బ్లడ్ బ్యాంకోళ్ళు మంచాలు తెచ్చుకొని వచ్చిన్రు. సూపర్‌వైజరు పరంధాం సార్ షిఫ్టుకు షిఫ్టే బయటికి తోలుకొచ్చి లైన్ల నిలబెట్టిండు. పోయినేడు ముప్పై మంది ఇచ్చిన్రట, ఈయేడు యాభై దాటాలని ఓనరుకు మాటిచ్చిండట. వీని వంతు వచ్చేసరికి వీడు మెల్లగ అన్నడు, "నాకు రక్తం తక్కువ సార్."

ఆ మాట వానిది కాదు, నాది. బడిల ఆటల పీరియడ్ వచ్చినా, పక్కింటోళ్ళు నెలనెల దవాఖాన ఎందుకని అడిగినా, "నాకు రక్తం తక్కువ అని చెప్పు" అని వానికి ఏడేండ్ల వయసుల నేర్పిన. అప్పుడు వాడు నిజంగనే పుల్లలెక్క ఉండె. ఎవ్వరూ ఇంకో మాట అడగకపోయేది.

"మరి వదిలిపెట్టలేదా?"

"వేలుకు సూది గుచ్చి చూసిన్రు. పద్నాలుగు పాయింట్లు ఉన్నది."

మందులు మంచిగ మింగినందుకు వచ్చిన రక్తం అది. పదకొండేండ్లు నేను కాసుకొని పెంచిన రక్తం. పరంధాం సార్ ఆ అంకె విని లైను లైనంతకు వినబడేటట్టు అన్నడట, "పద్నాలుగు పాయింట్లురా నీకు, ఎద్దు లెక్క ఉన్నవ్! సూదికే గిట్ల వణికితే రేపు పెండ్లెట్ల చేసుకుంటవ్ రా?" అందరూ నవ్విన్రు. రూము పొరగాండ్లు ఇద్దరు చెరో రెక్క పట్టుకొని తీస్కపోయి మంచం మీద పండబెట్టిన్రు.

"ఆడ డాక్టరు లేడా? ఆయనకు చెవుల చెప్పకపోయినవా?"

"డాక్టరు పక్కన్నే పరంధాం సార్ కుర్సీ ఏసుకొని కూసున్నడక్కా. పేర్లు టిక్ పెడుతున్నడు. ఎట్ల చెప్తా? గోడకు చూసుకుంట పండుకున్న. సంచి నిండుతుంటే ఆ దిక్కు చూడలె."

పాప దండెం మీది చీర గుంజుతున్నది. నా మతిల ఒక్కటే తిరిగింది. "ఫారం మీద ఎవరి నంబరు రాసినవ్?"

"అందరియి సారే ముందుగాల్నే నింపిండు. సర్టిఫికెట్లు ఒక్క తాన రావాలని ఆయన నంబరే ఏసిండు."

ఆయన నంబరంటే నాకు భయం. పోయినేడు సంగతి వాడే నాకు చెప్పిండు, కంపెనీల అందరూ చెప్పుకునే ముచ్చట. సాంబయ్య అనే ఆయన రక్తమిస్తే పరీక్షల్ల కామెర్ల లెక్క ఏదో బయటపడ్డదట. బ్లడ్ బ్యాంకోళ్ళు ఏం రోగమని చెప్పలె, "వచ్చి ఒక్కసారి కలువుమనండి" అని అంతే అన్నరట ఫోన్ల. ఆ అంతమాత్రానికే పరంధాం సార్ అన్నం కాడ అందరి ముందట "ఏం సాంబన్నా, ఏడ తిరిగొచ్చినవే?" అన్నడట. తెల్లారి నుంచి సాంబయ్య గ్లాసు వేరే పెట్టిన్రు. నెలకు ఆయనే పని మానుకున్నడు.

"నడువు" అన్న. "ఆ ఫోను పోకముందే నంబరు మార్పిచ్చుకుందాం."

"నేను నంబరు కోసం రాలేదక్కా. ఆ సంచి కోసం వచ్చిన."

"సంచికి ఏం? వాళ్ళు పరీక్ష చెయ్యకుండ ఇయ్యరు కదరా. తెలుస్తది, పారేస్తరు."

వాడు నా దిక్కు చూసిండు. రాత్రంత పండుకోని కండ్లు. "పోయిన నెల నా రిపోర్టుల ఏం రాసిన్రు? రక్తంల ఆ పురుగు కనబడలె అని కదా. డాక్టరు సారు మస్తు ఖుష్ అయిండు, నువ్వు స్వీటు పంచినవ్. ఆడ అంత పెద్ద మిషిన్ల కనబడనిది వీళ్ళకు కనబడుతదా? కనబడకపోతే? ఎవలకన్న ఎక్కిస్తే?"

తొమ్మిది సగం చదివినదాన్ని, నాకేం తెలుస్తది ఏ మిషిను ఏం చూస్తదో. రోగం ఉన్నా కనబడదని డాక్టర్లు అంటే దండం పెట్టిన. అది గిట్ల తిరిగి మీదికి వస్తదని అనుకోలె.

"నేను నెట్‌ల చూసిన. రెండో రోజు నుంచి బయటికి ఇస్తరట. ఇయ్యాల్నే అక్కా" అన్నడు.

అత్తమ్మకు తేజేష్‌కు కడుపునొప్పి అని చెప్పిన. పాప నన్ను ఇడువలె, ఎత్తుకొనే బయలెల్లిన. "నొప్పి వానిదైతే మొఖం నీది మాడిందేంది?" అన్నది అత్తమ్మ వెనుకకెల్లి. విననట్టే చెప్పులేసుకున్న.

నాచారం చౌరస్తాల షేర్ ఆటో ఎక్కినం. మనుషుల నడుమ ఏం మాట్లాడుకోలె. పాప వాని చేతి ప్లాస్టరు పీకుతుంటే వాడు పీకనిచ్చిండు. ఉప్పల్‌ల మెట్రో కింద దిగి నడుచుకుంట పోతుంటే నేను వరుసగ చెప్తనే ఉన్న.

"నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడత. కంపెనీల నంబరు తప్పు పడ్డదని చెప్త. నా నంబరు రాయిపిచ్చుకుందాం. నీ ఫోను నీ రూము పొరగాండ్లు ఎత్తుతరు, వద్దు. ఇగ సంచి సంగతి... వాళ్ళ టెస్టులల్ల వాళ్ళకే తెలుస్తది, నాకే ఫోన్ చేస్తరు, అప్పుడు నేను పోయి నిమ్మళంగ..."

"కనబడకపోతే ఫోనే రాదు కదా?"

"రాకపోతే ఇంక మంచిదేనాయె!"

ఆ మాట నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో. వాడు ఫుట్‌పాత్ మీద ఆగిపోయిండు. వెనుక నుంచి వచ్చేటోళ్ళు తప్పుకొని పోతున్నరు.

"అక్కా, చిన్నప్పటి సంది నువ్వు నాకు మందులిచ్చినవ్, అబద్ధాలిచ్చినవ్. రెండూ టైముకే ఇచ్చినవ్. ఒక్కటి తప్పిపోకుండ ఇచ్చినవ్. ఇగ నాతోని కాదు."

కొట్టినట్టయింది. కోపం రాలె. కోపం రావాలన్నా సత్తువ ఉండాలె కదా. పాపను ఒక చంకకెల్లి ఇంకో చంకకు మార్చుకొని, "పా, ఎండ అయితున్నది" అన్న.

బ్లడ్ బ్యాంకు ఒక టైర్ల షాపు మీద, మొదటి అంతస్తుల ఉన్నది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన పోయి స్పిరిటు వాసన వచ్చింది. కౌంటరుల ఇరవై రెండేండ్ల పిల్ల కూసున్నది, సంతకాల పుస్తకం, ఫారాల కట్టలు, ఒక ఫోను. నేనే ముందు పోయిన.

"అమ్మా, నిన్న మల్లాపూర్‌ల క్యాంపు పెట్టిన్రు గదా. మా తమ్ముడు ఇచ్చిండు. ఫారంల ఫోను నంబరు తప్పు పడ్డదట. జర మార్చాలె."

"పేరు?"

"తేజేష్."

కట్ట ఇప్పి వెతికింది. "ఉన్నది. కానీ మేడం, అన్నిట్ల ఒక్కటే నంబరు ఉన్నది. కంపెనీ వాళ్ళే ఇచ్చిన్రు."

"అదే అమ్మా, అది తప్పు. నా నంబరు రాయి."

"మీరేమైతరు?"

"అక్కను."

"అక్క నంబరెందుకు? ఆయన పెద్దోడే కదా" అని వాని దిక్కు చూసింది. మళ్ళ నన్ను చూసింది. నా మొఖంల ఏం కనబడ్డదో ఏమో. "ఒక్క నిమిషం ఆగండి, క్యాంపు పెట్టిన సార్‌నే అడిగి మారుస్త. లేకుంటే మళ్ళ మమ్మల్ని అంటరు" అని ఫోనెత్తి ఫారం చూసుకుంట నంబరు నొక్కింది.

నేను "వద్దు వద్దు" అనే లోపల్నే రింగు పోతున్నది. ఫోనుల నుంచి నాకు సన్నగ వినబడుతున్నది. నేను గట్టిగ పట్టుకున్నందుకు పాప ఏడుపు మొదలుపెట్టింది. నాకు చెప్పెటందుకు ఇంకో అబద్ధం దొరకలె. పదకొండేండ్లల్ల ఎన్నడూ గట్ల కాలె, ఎప్పుడూ నాలుక మీద ఒకటి సిద్ధంగ ఉండేది.

తేజేష్ నా పక్కకెల్లి ముందుకొచ్చిండు.

"మేడం, కట్ చెయ్యండ్రి."

ఆ పిల్ల ఆగింది. చెవు కాడ ఫోను అట్లనే ఉన్నది.

"కట్ చెయ్యండ్రి మేడం, దండం పెడుత. నంబరు కాదు నాకు కావాల్సింది. నిన్న నేనిచ్చిన రక్తం ఎవ్వరికీ ఇయ్యొద్దు. ఎందుకో లోపల చెప్త. ఒక్కల్లకే చెప్త."

ఆ పిల్ల ఫోను పెట్టేసింది. ఇంకేం అడగలె. వాని ఫారం కట్టల నుంచి పక్కకు తీసి చేతుల పట్టుకొని లేచింది. సరిగ్గ అప్పుడే కౌంటరు మీద ఫోను మోగింది. ఆమె ఎత్తింది.

"నమస్తే సార్... ఆ, నేనే చేసిన సార్... ఏం లేదు సార్, సర్టిఫికెట్లు సోమవారం పంపుతమని చెప్పనీకి. ఆ, ఫోటోలు సుత పంపుతం సార్. ఉంట సార్."

పెట్టేసి నా దిక్కు చూడకుండ లోపలికి పోయింది. ముక్కు మొఖం తెల్వని పిల్ల మా కోసం ఒక అబద్ధమాడింది. ఆమెకు దండం పెట్టాల్నా, సిగ్గుపడాల్నా అర్థం కాలె.

ఆ పిల్ల వెంట లోపలి నుంచి ఒక మేడం వచ్చింది. యాభై ఏండ్లుంటయి, కాటన్ చీర మీద తెల్లకోటు, జేబు మీద తారామణి అని రాసి ఉన్నది. "ఎవరు నాతో మాట్లాడాలన్నది?" అన్నది.

నాకు అలవాటే గదా, పాపను సర్దుకొని నేనే లేచిన.

"అక్కా, నువ్వు ఈడనే కూసో" అన్నడు తేజేష్.

తలుపు పడ్డది.

నేను ప్లాస్టిక్ కుర్సీల కూసున్న. పాపకు బిస్కెట్ ప్యాకెట్ విప్పిచ్చిన. ఇన్నేండ్లల్ల వాడు తలుపు లోపల, నేను బయట ఎన్నడూ లేం. పెద్ద దవాఖానల కౌన్సిలర్ మేడం ముందట మా ఇద్దరివి ఎప్పుడూ రెండు కుర్సీలు. "రోజు మింగుతున్నవా బాబూ?" అని ఆమె వాన్ని అడిగితే "మింగుతున్నడు మేడం" అని నేను చెప్పేదాన్ని. "ఆకలి అయితున్నదా?" "అయితున్నది మేడం." వానికి మీసాలు వచ్చినంక సుత నేనే చెప్పిన. ఒకసారి ఆమె "అబ్బాయిని చెప్పనియ్యి అమ్మా" అన్నది. నాకు మనసుల కోపమొచ్చింది. పదేండ్లు మోసినదాన్ని, నన్ను చెప్పొద్దంటదేంది అని.

ఆ రోగం పేరు వాని నోట్లకెల్లి నేను ఒక్కసారి సుత విన్లేదని అప్పుడు తట్టింది. ఇంట్ల మేం దాన్ని "మన ముచ్చట" అంటం. మన ముచ్చట మందులు, మన ముచ్చట డాక్టరు. ఇప్పుడు ఆ తలుపు అవతల ఏమని చెప్తున్నడో. ఆమెకు మన ముచ్చట అంటే సమజ్ కాదు కదా.

మెట్లు ఎక్కి ఒకాయన వచ్చిండు. నలభై ఏండ్లు ఉంటయి, చెమటలు కారుతున్నయి. చేతుల నీలం రంగు ఐస్ డబ్బా, నోట్లె చీటీ కరుచుకొని ఉన్నడు. కౌంటరు పిల్లకు చీటీ ఇచ్చి, "రామంతాపూర్ నుంచి వచ్చిన అమ్మా, మా ఇంటామెకు ఆపరేషను. రెండు బాటిళ్ళు అన్నరు, జల్ది ఇయ్యి" అన్నడు.

ఆ పిల్ల చీటీ చూసి, కౌంటరు వెనుక ఫ్రిజ్ తీసింది. నేను లేచి నిలబడ్డ. నాకు తెల్వకుండనే లేచిన. ఎర్రటి సంచి ఒకటి తీసి మీది కాగితం చదువుతున్నది. రెండోది తీసింది. ఆయన డబ్బా మూత తీసి పట్టుకున్నడు. లోపల ఐసు ముక్కలు. నా పక్కన కుర్సీ ఖాళీగున్నా ఆయన కూసోలె, ఆ డబ్బా అట్లనే పట్టుకొని నిలబడ్డడు, ప్రసాదానికి దోసిలి పట్టినట్టు.

పొద్దున మిద్దె మీద తేజేష్ "ఎవలకన్న ఎక్కిస్తే" అన్నప్పుడు ఆ ఎవలు నాకు కనబడలె. నాకు పరంధాం సారే కనబడ్డడు, సాంబయ్య గ్లాసే కనబడ్డది. వానికి మాత్రం రాత్రంత ఈ మనిషే కనబడ్డడేమో.

"అమ్మా" అన్న కౌంటరు పిల్లతోని. "అవి... నిన్నటియా?"

ఆమె నా దిక్కు చూసింది. ఎందుకడుగుతున్ననో తెలిసినట్టే చూసింది. "కాదు మేడం. నిన్నటియి ఒక్కటి సుత ఇంక బయటికి రాలె. కూసోండ్రి."

కూసున్న. ఆయన డబ్బా మూసుకొని ఉరికినట్టే మెట్లు దిగిపోయిండు. పాప "తాతా, టాటా" అన్నది. ఆయన తాత కాదు, విన్లేదు కూడా.

తలుపు తెరుచుకునేసరికి అర్ధగంట దాటింది. తేజేష్ మొఖం కడుక్కున్నడు, కండ్లు మాత్రం ఎర్రగనే ఉన్నయి. వెనుక తారామణి మేడం. నేను "మేడం, వాడు కావాలని చెయ్యలె మేడం, చిన్నపిల్లగాడు..." అని మొదలుపెట్టిన. ఆమె చెయ్యి చూపించి ఆపింది. కోపంగ కాదు, మా అమ్మ పొయ్యి మీది పాల గిన్నె కాడ నన్ను ఆపినట్టు.

"మీ తమ్ముడు నాకు చెప్పాల్సింది చెప్పిండు. నేను తిట్టాల్సింది తిట్టిన. మీకు ఏం చెప్పాల్నో ఆయన ఇష్టం. ఆయన చెప్పకుండ నేను చెప్పలేను తల్లీ" అన్నది.

నిన్నమొన్నటి దాక నేను ముక్కు తుడిచిన పొరగాన్ని ఆయన అంటున్నది.

మెట్లు దిగి టైర్ల షాపు పక్కన చెరుకురసం బండి కాడ నిలబడ్డం. రెండు గ్లాసులు చెప్పిండు. నేను అడగలె. అడిగితే చెప్పడేమోనని భయం. సగం గ్లాసు తాగినంక వాడే అన్నడు.

"నా ముందల్నే సంచి తీసి పక్కకు పెట్టిన్రు. ఎర్ర చీటీ అతికిచ్చిన్రు."

"పరీక్షల్ల ఏం తేలింది?"

"ఇంక కాలెనట. అయితే చాలావరకు దొరుకుతదట. మనకు కనబడదు అన్న పరీక్ష వేరట, వీళ్ళు చేసేది వేరట. అయినా నువ్వు వచ్చి చెప్పుడే కరెక్టు అన్నది. అంతకుముందు పది నిమిషాలు తిట్టిందిలే. నీ భయానికి దెబ్బ తినేటోడు నువ్వు కాదు, ఇంకొకడు, ఆలోచించినవా అన్నది. ఏడ్పొచ్చింది."

"ఏడ్చినవా?"

"ఏడ్చిన." గ్లాసు అడుగున నురుగు చూసుకుంట అన్నడు. "ఇగ ఎన్నడూ ఇయ్యనని సంతకం పెట్టిన. నంబరు మార్చిన్రు."

"నాదేనా?"

"నాది."

రూము పొరగాండ్లు ఎత్తితే అని ఉండె నాలుక మీద.

"ఇంకోటి చెప్పింది. క్యాంపుల డాక్టరును పక్కకు రమ్మని అడగొచ్చట. ఎందుకో చెప్పకున్నా పర్వాలేదట, నేను ఇయ్యను అంటే ఆయన 'ఇయ్యాల ఫిట్ కాదు' అని రాస్తడట, కారణం ఎవ్వరికీ చెప్పొద్దట. చెప్తే ఆయనదే తప్పు. గంతే ఉండె అక్కా. గంత చిన్నది. మనకెవ్వరూ చెప్పలె."

"మనం ఎవ్వరినీ అడగలే తమ్మీ" అన్న.

అది నిజమే. అడిగితే ఎందుకని అడుగుతరేమోనని, పదకొండేండ్లు ఒక్క ప్రశ్న అడగకుండ మందులు తెచ్చుకున్నం.

వాని ఫోను మోగింది. తెర మీద పేరు నాకు కనబడ్డది. నా చెయ్యి దానంతటదే ఫోను గుంజుకోను పోయింది. వాడు ఎత్తుకొని స్పీకర్ పెట్టిండు, చెరుకు మిషిను చప్పుడుకు వినబడదని.

"ఏడున్నవ్ రా? మిషిను నీ లెక్క ఖాళీగ కూసున్నది!"

"ఉప్పల్‌ల ఉన్న సార్. సొంత పని ఉండె. మధ్యాహ్నం షిఫ్టుకొస్త."

"నీకేం సొంత పని రా, పిల్లను చూడనీకి పోయినవా?"

"చూసిన సార్. నచ్చలె."

అవతల పరంధాం సార్ పెద్దగ నవ్విండు. "పద్నాలుగు పాయింట్లోడివి, నీకు నచ్చుతదారా! రెండింటికి రాకుంటే సగం దినం కోస్త" అని పెట్టేసిండు. తేజేష్ ఫోను జేబుల పెట్టుకోబోతే రెండుసార్లు జారింది, చూసిన. చూసినట్టు వానికి తెల్వనియ్యలె.

"వచ్చే నెల నుంచి దవాఖానల నన్ను పిల్లల సెంటరు నుంచి పెద్దోళ్ళ సెంటరుకు మారుస్తున్నరు గదా" అన్నడు. "ఒక్కన్నే పోత. నువ్వు రాకు."

"ఆడ పొద్దుగాల ఎనిమిదింటికే చీటీలిస్తరు తమ్మీ. తొమ్మిదింటికి పోతే అయిపోతయి. రెండో కౌంటరోడు మాటలు గట్టిగ అంటడు, పట్టించుకోకు. మందుల డబ్బ చప్పుడు చేస్తదని దూది పెట్టుకుంటవ్ గదా, ఆ దూది మీద తడి..."

వాడు నన్నే చూస్తున్నడు. నవ్వుతలేడు, తిట్టుతలేడు. నా అంతట నేనే ఆగిపోయిన.

"సరే, పో" అన్న. "దవాఖాన బుక్కు నా బీరువల ఉన్నది. వచ్చి తీస్కపో."

"రేపొస్త."

నాకు సంతోషం కావాల్నేమో. కాలె. గుండెల మీది రాయి దిగినట్టు అంటరు గదా, గట్ల కూడ కాలె. ఆ కౌంటరు పిల్లకు తెలుసు, ఆ మేడంకు తెలుసు. నేను ఎంచుకోని ఇద్దరు మనుషులకు మన ముచ్చట ఎరుక అయ్యింది. రేపటి సంది ఎందరికి చెప్తడో, ఎవరికి చెప్పడో, నేను పక్కన ఉండ. వాని గ్లాసు ఎవరన్న వేరే పెడితే చూసెటందుకు నేను ఉండ. ఎప్పుడో ఒకనాడు నిజంగనే ఒక పిల్లను చూస్తడు. ఆ పిల్లకు ఏమని చెప్తడు? ఏదన్న తలుసుకుంటే మళ్ళ భయమే. కానీ భయపడేటందుకు కూడ ఒళ్ళు ఒప్పుకోవాలె. నా ఒంట్లె ఏం మిగల్లె.

మల్లాపూర్ పోయే షేర్ ఆటో దొరికింది. వాడు పాపను ఒళ్ళె కూసోబెట్టుకున్నడు. నేను చివరకు కూసొని కమ్మీ పట్టుకున్న. ఎండగాలి మొఖాన కొడుతున్నది. ఒక్క నిమిషం కండ్లు మూసుకుందామనుకున్న.

"అక్కా. లెవ్వు. నాచారం వచ్చింది."

పక్కన ఎవరో ఆడామె "పాపం, మస్తు నిద్రల ఉన్నది" అంటున్నది. నా తల వాని భుజం మీద ఉండె. వాని అంగీ మీద నా నోటి తడి. డ్రైవరు "దిగుర్రి, దిగుర్రి" అని హారన్ కొడుతున్నడు. దిగిన. వాడు పాపను నా చేతులకు అందిచ్చిండు, అది కూడ పండుకొని మెడ వాల్చింది. ఆటో కదిలింది. చెయ్యి ఊపుతడేమోనని చూసిన, పక్కనామె సంచి సర్దుకొనెటందుకు జరుగుతున్నడు. నేను పాప తలకు ఎండ తగులకుండ కొంగు కప్పి, గల్లీల నడిచిన.